తాతయ్యగారి పాటలకు ముఖచిత్రము

కైవారము నారేయణ తాతయ్యగారి తత్త్వములను పాడు భజనగోష్ఠులు మా చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో ఊరికొకటి కలదన్నను అతిశయోక్తి కాదు. అట్టి గోష్ఠి యొకటి, మేమును వెనుక వరుసలో కూర్చుండి తాళము వేయునది, రెండేండ్ల క్రిందట పదునొకండు తత్త్వములను రికార్డు చేయించెను. పాటలు సిద్ధమైనవి. అట్టపై ఏమి వేయవలెనను ప్రశ్న వచ్చినపుడు కార్యనిర్వాహకులు మావంక చూచిరి. మా మనుమడు కంప్యూటరుపై చిత్రములు కూర్చు పని నేర్చినవాడు. మా చేతివ్రాతకు కచేరీలో కొంత పేరుండెడిది. ఈ రెండు అర్హతలచేత ఆ భారము మా యింటికి వచ్చి పడెను. నాలుగు దినముల పని యనుకొంటిమి. నాలుగు మాసములు పట్టినది.

మా బాల్యమున పాటల రికార్డుకు ముఖమే లేదు. సంతవీధిలోని కాఫీ హోటలులో గ్రామఫోను పెట్టె యుండెడిది. రికార్డులు గోధుమరంగు కాగితపు సంచులలో నుండెడివి; సంచి నడుమ గుండ్రని రంధ్రము, ఆ రంధ్రములో బూర యెదుట చెవి యొగ్గి కూర్చున్న కుక్క. భక్తిపాటయైనను సినిమాపాటయైనను కుక్క మాత్రము ఒక్కటే. ఆల్బము అను మాట ఎట్లు వచ్చినదో మనుమడు చెప్పగా ఈ వయస్సున తెలిసికొంటిమి. ఆ కాలపు రికార్డు ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకంటె పాడదు గనుక, నాలుగైదింటిని ఫోటోల పుస్తకమువలె ఒక బైండులో కూర్చి అమ్మెడివారట. ఆ బైండుకు వట్టి అట్టయే. 1940లో అమెరికాలోని కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు ఆ అట్టకు ముఖచిత్రము వేయు పద్ధతిని ప్రారంభించెను. న్యూయార్కు నగరములో ఒక నాటకశాల ముంగిట దీపములతో వెలుగు పేరుపలక యుండగా, ఆ పలకపైని అక్షరములను తీయించి, తన ఆల్బము పేరు పెట్టించి, దానిని ఫోటో తీయించెను. అనగా అక్షరములు ఫోటోపై వ్రాసినవి కావు, ఫోటోలోనివే. ఈ ముచ్చటను అప్పుడు వినోదముగా విని ఊరకుంటిమి.

తరువాత 1948లో పండ్రెండంగుళముల ఎల్.పి. రికార్డు వచ్చి చిత్రకారునకు చదరమైన మంచి స్థలము దొరకినది. 1963లో వచ్చిన కేసెట్టు దానిని అరచేతిలోనికి కుదించెను. 1982 నాటి సి.డి. పండ్రెండు సెంటీమీటర్ల చదరమును ఇచ్చెను. ఇప్పుడు ఫోనులో ముఖచిత్రము తపాలా బిళ్ళంత. అయినను ఆ బిళ్ళ కొరకే మూడువేల చుక్కల వెడల్పు, మూడువేల చుక్కల ఎత్తు గల చిత్రము పంపవలెనట. మా గోష్ఠివారు పాటలను ఫోనులలో విడుదల చేయుటయే గాక, పెన్‌డ్రైవులో నింపి, దానిని సి.డి. కొలత గల అట్టపై అమర్చి ఉత్సవములలో అమ్మదలచిరి.

మనుమడు మొదట చేసి తెచ్చినది తాతయ్యగారి ముఖము. మాటలతో వర్ణించి చెప్పినచో కంప్యూటరు తానే చిత్రమును కల్పించి యిచ్చు సాధనములు ఇప్పుడు కలవు గదా. తెల్లని గడ్డము, నుదుట ముడుతలు, కంటిలో తడి, ముక్కుపై చెమటబిందువు కూడ.

"అచ్చం ఫోటో మాదిరే ఉంది గదా తాతా?"

"ఎవరి ఫోటో నాయనా?"

వాడు నవ్వెను. మేము నవ్వలేదు. తాతయ్యగారు 1726లో జన్మించి 1836లో జీవసమాధి పొందిరని సంప్రదాయము. ఫోటో తీయు విద్య పారిస్ నగరమున లోకమునకు వెల్లడియైనది 1839లో. ఆ మహనీయుని ముఖమును ఏ కెమెరాయు చూచి యుండదు. పూజాగృహములోని పటము మాట వేరు. అది చిత్రకారుని భక్తి యని పసివానికిని తెలియును. ఫోటోవలె అగపడు బొమ్మ అట్లు కాదు, అది సాక్ష్యము చెప్పును. అసలు చూడక నకలుపై సంతకము చేయరాదని ఉద్యోగకాలమంతయు పాటించినవారము. ఆ చెమటబిందువు క్రింద ఎట్లు సంతకము చేయగలము? గోష్ఠిలో ఇద్దరు మువ్వురికి ఆ ముఖము మిక్కిలి నచ్చినది. వారితో మాటపట్టింపు కూడ వచ్చి, ఒక శనివారము భజనకు పోక యింటనే యుంటిమి.

చివరకు ముఖము వలదని నిర్ణయమైనది. మరి యేమి వేయవలెను? తాతయ్యగారు యోగి కాకమునుపు ఊరూర గాజులమ్మినవారు. గురువు ఇచ్చిన గులకరాయిని నోటనుంచుకొని, నరసింహగుట్ట గుహలో అష్టాక్షరిని జపింపగా ఆ రాయి కలకండ యయ్యెనని మా ప్రాంతమున ఎరుగనివారు లేరు. కావున ఒక గాజుల మలారము, ఒక గులకరాయి. ఇంతే చాలుననుకొంటిమి. చింతామణిలో గాజుల అంగడి ముసలాయన తన తండ్రినాటి మలారపు త్రాటిని ఎరువిచ్చెను. దానికి ఎఱ్ఱని, పచ్చని మట్టిగాజులు కూర్చితిమి.

మొదటి దినము కైవారము చేరునప్పటికి మధ్యాహ్నమైనది. నడినెత్తి యెండలో గాజులు వట్టి మెరపుగీతలై రంగే పోయినవి. రెండవమారు మబ్బు. మూడవమారు తెల్లవారకమునుపే బయలుదేరి, గుట్ట దిగువ బండపై మలారమును పరచి కాచుకొంటిమి. ఏటవాలు వెలుగు గాజులలోనుండి దూరి ఆవలి బండపై పచ్చని నీడ వేసినది. నీడకు రంగుండునని అరువదియేండ్లు దాటిన పిమ్మట చూచితిమి. మనుమడు నలుబది ఫోటోలు తీసెను; అందులో రెండు పనికివచ్చినవి. కంప్యూటరుపై ఆ ఫోటోను ఒక పొరగా, అక్షరములను వేరొక పొరగా ఉంచి కూర్చెను. తెరపై ఆ పచ్చదనము వెలుగుచుండెను గాని అచ్చులో మందగించినది. తెర వెలుగుతో రంగు చూపును. కాగితముపై నాలుగు సిరాలే దిక్కు.

చిక్కబళ్ళాపురములోని ఒక అచ్చాఫీసులో మచ్చుకు రెండువందల అట్టలు వేయించితిమి. మనుమడు చూచెను. అచ్చాఫీసువారు చూచిరి. కార్యనిర్వాహకులు మువ్వురు చేతులు మార్చుకొని చూచి బాగున్నదనిరి. కట్ట మా చేతికి వచ్చినది. తాతయ్య అను మాటలో యకారము క్రింది వత్తు ఊడిపోయి, పొల్లుతో ఒక యకారమును, దాని ప్రక్క మరియొక యకారమును వేరువేరుగ నిలిచియున్నవి. భారతీయ లిపులను కూర్చు ఏర్పాటును ఎన్నుకొననిచో ఆ సాధనములలో వత్తులిట్లు విరుగునట. దిద్దుట నిమిషము పని. ఆ రెండువందల అట్టల వెనుక భాగము తెల్లగానుండుటచే ఇప్పటికిని మా యింట పాలలెక్కకు ఉపయోగపడుచున్నవి.

అయినను ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాట తెలుగు. పాడినవారందరు తెలుగువారు. అట్టపై పేరు విరిగియున్నదని చూచినవారము మేమొక్కరమే. మా పిల్లలు బడిలో కన్నడము చదివిరి, మేమును చదివితిమి. ఆ చదువే మాకు అన్నము పెట్టినది. తాతయ్యగారి తెలుగు తత్త్వములు కన్నడ లిపిలో అచ్చయి మా యిండ్లలో పారాయణమగుచున్నవి. ఇది నేరమని చెప్పుటలేదు. అయితే మా తరము పోయిన పిమ్మట వత్తు ఊడినదని చెప్పువాడెవడు?

అప్పుడు ఆ నాటకశాల పేరుపలక జ్ఞాపకము వచ్చినది. అక్షరములను కంప్యూటరుకు వదలుట యేల? పలకపై బలపముతో వ్రాసి, పలకనే మలారము ప్రక్కనుంచి ఫోటో తీసినచో వత్తు ఎట్లు ఊడును? మా తండ్రిగారు సాయంకాలము వీధియరుగుమీద కూర్చుండబెట్టి తెలుగు దిద్దించినది పలకపైననే. కట్టెచట్రము గల రాతిపలకను వెదకి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, తాతయ్య అని వ్రాసితిమి. మనుమడు భుజముమీదుగా చూచి, "ఇది కన్నడమే గదా తాతా, నేనే చదువుతా, తాతయ్య," అనెను.

వానికి తెలుగు లిపి రాదు. మేము మరల చూచితిమి. వాడన్నది నిజమే. ఏండ్లతరబడి కచేరీలో కన్నడము వ్రాసి వ్రాసి మా తలకట్టు పైకి లేచుట మాని ప్రక్కకు సాగినది. మా తండ్రిగారు చూచినచో చెవి మెలివేసియుందురు. సిగ్గుపడి చెరిపితిమి, మరల వ్రాసినను అదే వంపు. కదంబ చాళుక్యుల నాటినుండి ఈ రెండు భాషలకు లిపి యొకటే. క్రమముగ విడివడి, అచ్చుపోతలు వచ్చిన పిమ్మట భేదము గట్టిపడినది. కకారము, హకారము వంటివి దూరమైనవి గాని, తకారము, యకారము, వాటి వత్తులు ఇంకను అన్నదమ్ములే. తలకట్టు ఒక్కటే తగవు. కావున ఆ పేరును మా చేతికి వచ్చినట్లే ఉంచితిమి. తెలుగు చదువువాడు తెలుగుగాను, కన్నడము చదువువాడు కన్నడముగాను చదువుకొనును. కైవారము అను మాటకు ఆ వెసులుబాటు లేదు గనుక దానిని క్రింద చిన్న అక్షరములతో రెండు లిపులలోను వేరుగ వేయించితిమి. పలక నలుపు వెలుగును మ్రింగుచుండగా, దానిని బండపై కొంచెము ఏటవాలుగ నిలిపి, మరల ఒక తెల్లవారుజామున ఫోటో తీసితిమి.

బాగేపల్లినుండి వచ్చిన ఒక పెద్దలు, తెలుగు బాగుగ చదివినవారు, అట్ట చూచి మందలించిరి. "ఇది తెలుగూ కాదు, కన్నడమూ కాదు. పిల్లలకు ఉన్న ఒక్క తెలుగు మాటను కూడా వంకరగా చూపిస్తారా?" అనిరి. వారి మాటకు మాయొద్ద జవాబు లేదు, ఇప్పటికిని లేదు.

గోష్ఠిలో ముందుండి పాడు అవ్వ ఆ తాలూకా పల్లెకు చెందినది. ఏ లిపియు రాదు. అట్టను దూరముగ పట్టుకొని చూచి, "మలారం గదా," అనెను. రాయిని వ్రేలితో తాకి, అడుగకయే అదేమో చెప్పెను. పలకపై వ్రేలు పెట్టి, "ఇక్కడ ఏం రాసినారు నాయనా?" అని మా మనుమని అడిగెను. వాడు చదివి చెప్పెను.

అయిదువందల అట్టలు అమ్ముడై, రెండవ ముద్రణ మాట వచ్చినది. ఫోటోను పెద్దది చేయవలెనని మనుమడు పట్టుబట్టుచున్నాడు గనుక మరల తీయవలసియున్నది. పలక మా బీరువాపైన ఉన్నది. గీతలు సగము చెరిగినవి. తలకట్టును ఏ వంకకు త్రిప్పవలెనో గోష్ఠివారు ఇంకను తేల్చలేదు.