అబ్బా, మూత్రం సంచీ, నమాజ్

మన ఇళ్లల్లో బుజుర్గులు షుగర్ ఉందని చెప్తారు, గుండెనొప్పి అని చెప్తారు. మూత్రం తక్లీఫ్ మాత్రం చెప్పరు. షరమ్. మా అబ్బా రాత్రికి ఐదారుసార్లు లేచేవారు. అడిగితే "ఉమర్ అయిపోయింది కదా బేటా" అనేవారు. ఒకరోజు జలుబుకు ఏదో గోళీ వేసుకున్నారు. తెల్లారేసరికి చుక్క రాలేదు, పొత్తికడుపు రాయిలా బిగిసింది. కొన్ని జలుబు మందులు అలా చేస్తాయట. ప్రోస్టేట్ పెరిగిందని చెప్పి కేథెటర్ వేశారు.

మందులిచ్చి రెండుసార్లు ట్యూబు తీసి చూశారు. మూత్రం రాలేదు. మామూలుగా అయితే ఆపరేషన్ చేసి అడ్డాన్ని తీసేస్తారు. కానీ అబ్బాకు 79 ఏళ్లు, బలహీనమైన గుండె, స్టెంట్లు. మత్తు డాక్టర్ ఒప్పుకోలేదు. "ఇక సంచీతోనే" అన్నారు.

సంచీ కన్నా అబ్బాకు తహారత్ ఫికర్ ఎక్కువైంది. నమాజే మానేశారు. ఇమామ్ సాబ్ ఇంటికొచ్చి, "మీరు మాజూర్ చాచా. ప్రతి నమాజ్ వక్త్‌కి కొత్తగా వుజూ చేసుకుని చదవండి" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో చదివారు. మస్జిద్‌కి మాత్రం రానన్నారు.

ఇంకో డాక్టర్ దగ్గర మషూరా తీసుకున్నాం. ఆవిరితో అదనపు కండను కరిగించే రెజూమ్, చిన్న క్లిప్పులతో దారి తెరిచే యూరోలిఫ్ట్ ఉన్నాయి గానీ, అబ్బా గ్రంథి వాటికి మరీ పెద్దదన్నారు. మిగిలింది ఎంబొలైజేషన్. మణికట్టు దగ్గర మాత్రమే మొద్దుబార్చి, రక్తనాళంలోంచి సన్నటి ట్యూబు పంపుతారు. ప్రోస్టేట్‌కి రక్తం తీసుకెళ్లే నాళాల్లో ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. రక్తం అందక గ్రంథి వారాల మీద కుంచించుకుంటుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో దీన్ని వాడొచ్చని చెప్పింది.

డాక్టర్ ఏదీ దాచలేదు. అందరికీ పనిచెయ్యదన్నారు, ముసలి నాళాల్లో ట్యూబు వెళ్లడమే కష్టం కావచ్చన్నారు. ఎక్స్‌రేకి వాడే రంగు మందు కిడ్నీలకు భారమని ముందే రక్తపరీక్ష చేశారు, క్యాన్సర్ లేదని తేల్చుకున్నారు. అమ్మీ భయపడింది. అబ్బానే "కర్‌వాదో" అన్నారు.

రెండురోజులు మంట, కొంచెం జ్వరం. మూడోవారం ట్యూబు తీశారు. సాయంత్రం దాకా ఎవరం మాట్లాడలేదు. అసర్ వేళకి వచ్చింది, అల్‌హందులిల్లాహ్! ఇప్పటికీ రాత్రి రెండుసార్లు లేస్తారు, ధార సన్నగానే ఉంది. కానీ జుమా సఫ్‌లో నిలబడుతున్నారు.

ఆపరేషన్‌కి పనికిరారంటే ఇలాజే లేదని కాదు. "మత్తు లేకుండా చేసేది ఏముంది?" అని యూరాలజిస్టుని అడగండి. ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు దగ్గరికి పంపమనండి. అంతకన్నా ముందు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారని మీ అబ్బాని అడగండి.