అవ్వతో దెయ్యాల సినిమాలు చూసిన రోజు

శ్రీసిటీలో పనిచేసే మాకు ఆదివారమంటే నిద్ర, తలస్నానం, వారం గుడ్డలు ఉతుక్కోవడం. అలాంటి ఒక ఆదివారాన్ని మొత్తం దెయ్యాల సినిమాలకు రాసిచ్చేశాం.

మేం అయిదుగురం. ముగ్గురు ఆడపిల్లలం, ఇద్దరు మగపిల్లలం. అందరం యానాదులమే. వరసకు అక్కచెల్లెళ్లం, బావామరదళ్లం. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పల్లె భూముల్లో ఈ కంపెనీల ఊరు మొదలైంది. మా అమ్మలు పుల్లలేరుకున్న తావుల్లోనే ఇప్పుడు మేం మెడలో కార్డు వేసుకుని తిరుగుతున్నాం. మాలో కొందరం లైన్లో నిలబడి సామాన్లు బిగిస్తాం, ఒకరు గోడౌన్‌లో లెక్కలు చూస్తారు, ఒకరు క్యాంటీన్‌లో పనిచేస్తారు.

ఈ ఆలోచన మా బావది. స్పెయిన్ దేశంలో సముద్రం ఒడ్డున సిట్జెస్ అనే ఊరుందని, 1968లో అక్కడ భయపెట్టే సినిమాల పండగ మొదలైందని, జనం పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా ఒకదాని తర్వాత ఒకటి చూస్తారని ఫోన్‌లో చదివి చెప్పాడు. "ఆడ సముద్రముంటే ఈడ పులికాటు ఉండాది. మనమేం తక్కువా?" అన్నాడు.

సూళ్లూరుపేట దగ్గర 2019లో తెరిచిన పెద్ద థియేటరుంది. తెర వెడల్పే వంద అడుగులు దాటుతుంది. కానీ అక్కడ అయిదుగురం నాలుగు ఆటలు చూస్తే ఆ నెల ఇంటికి పంపేది ఏమీ మిగలదు. అందుకని పెద్దక్క ఇల్లే థియేటర్ అయింది. తెలిసినవాళ్ల దగ్గర చిన్న ప్రొజెక్టర్ అడిగి తెచ్చాం. గోడకు తెల్ల పంచె కట్టాం. కిటికీకి దుప్పటి బిగించాం. ఆ ఇల్లు ఒకే గది. అవ్వ ఉండేది కూడా ఆ గదిలోనే. కాబట్టి మా పండగకు అవ్వ కూడా ప్రేక్షకురాలే.

పొద్దున తొమ్మిదికి మొదటి ఆట 'రాత్రి'. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన సినిమా. మేం ఇంకా పుట్టనప్పటిది. బొరుగులు, శనక్కాయలు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అందులో రేవతి సినిమా హాల్లో బాత్రూమ్‌కు వెళ్లి తిరిగొచ్చేసరికి హాలంతా ఖాళీగా ఉంటుంది. అప్పటిదాకా కిక్కిరిసిన కుర్చీల్లో ఒక్క మనిషీ ఉండడు. మా అందరి చేతులూ బొరుగుల గిన్నెలో ఆగిపోయాయి. అవ్వ మాత్రం ఒక్క మాట అంది.

"పాపం, ఆ పిల్లకు తోడెవురూ లేరు. దానికే భయం. ఇంక దెయ్యమెందుకు?"

ఆ మాట మాకు గట్టిగా తగిలింది. మాలో ఒకరు ముందు ఉన్న హాస్టల్లో మూడో అంతస్తు చివరి బాత్రూమ్‌లో దెయ్యముందని చెప్పుకునేవాళ్లు. రెండో షిఫ్ట్ దిగి అర్ధరాత్రి వచ్చిన పిల్లలు నలుగురు కలిస్తేనే అటు పోయేవాళ్లు. జాకెట్టుకు నిమ్మకాయ కట్టుకున్నవాళ్లున్నారు, ఉద్యోగం మానేసి ఊరికి పోయినవాళ్లూ ఉన్నారు. అక్కడ నాలుగు నెలలుగా బల్బు లేదు. అడగ్గా అడగ్గా ఒకరోజు బల్బు వేశారు. ఆ రాత్రే దెయ్యం గది ఖాళీ చేసింది.

రెండో ఆట 'అరుంధతి'. కోడి రామకృష్ణ సినిమా, 2009 సంక్రాంతికి వచ్చింది. మేం బడిలో ఉన్నప్పుడు దీన్ని చూసి వారం రోజులు దుప్పటి తీయలేదు. ఇప్పుడు రాగిసంగటి, చేపల పులుసు కలుపుకుంటూ చూశాం. అవ్వ గోడకు ఆనుకుని సగం నిద్రలో ఉంది. పశుపతి అరుపులకు కళ్లు తెరిచి, "చచ్చినోడు అంతగా ఎందుకు అరస్తా ఉండాడు? బతికినప్పుడు ఎవురూ వాని మాట వినలేదా?" అంది. మేం నవ్వి పొర్లాం.

నవ్వు తగ్గాక బావ ఒక సంగతి పట్టించాడు. ఈ పశుపతి బతికుండగానే ఆడవాళ్లను చెరిచిన దుర్మార్గుడు. రాజుగారి అల్లుడు. కానీ సినిమాలో వాడికి అంత బలం రావాలంటే ఊరు దాటి అఘోరాల దగ్గర మంత్రాలు నేర్చుకోవాలి. దుర్మార్గం కోటలో పుట్టినా, భయం మాత్రం ఊరి బయటినుంచే రావాలి.

అప్పుడు మేం చూసిన సినిమాలన్నీ గుర్తు చేసుకుని లెక్క పెట్టడం మొదలుపెట్టాం. ఎముకల దండలు, ఈకలు, మొహానికి రంగులు, అర్థం కాని మాటలు, చేతిలో పుర్రె. కథ అడివిలో అడుగుపెట్టగానే సంగీతం మారిపోతుంది. కోయదొర కనిపిస్తే నవ్వించాలి, మంత్రగాడు కనిపిస్తే వణికించాలి. 2011 జనాభా లెక్కల్లో ఒక్క యానాదులమే 5 లక్షలు దాటాం. మేం చూసిన సినిమాల్లో మాత్రం మాలాంటివాళ్లు ఈ రెండు వేషాల్లోనే దొరికారు.

మాలో చిన్నది అన్నం కలపడం ఆపేసింది. ఏమైందని అడిగితే తల దించుకునే చెప్పింది. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి మాటల్లో మాటగా, "యానాదోళ్లకు మంత్రాలొస్తాయంట గదా, వాళ్లతో గొడవ పెట్టుకోకూడదంట" అందట. ఆ అమ్మాయి మంచిదే. ఇంటినుంచి ఊరగాయ తెస్తే మొదట మా చిన్నదానికే పెడుతుంది. కానీ ఆ మాట విన్నాక మా చిన్నది తన ఊరి పేరు చెప్పింది కానీ కులం పేరు చెప్పలేదు. ఎనిమిది నెలలైంది, ఇంకా చెప్పలేదు. మేం కూడా, "అయితే ఏం, చెప్పేసెయ్" అనలేకపోయాం. మాలో ఎవరం చెప్పాం గనక?

మూడో ఆట 'విరూపాక్ష'. కార్తీక్ వర్మ దండు తీశాడు, 2023లో వచ్చింది. కథ 1979లో రుద్రవనం అనే ఊళ్లో మొదలవుతుంది. క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరివాళ్లు ఒక మొగుడూపెళ్లాలను చెట్టుకు కట్టి తగలబెడతారు. ఆ మంట పంచె మీద లేవగానే అవ్వ లేచి బయటికి వెళ్లిపోయింది.

ఉక్కపోతకు వెళ్లిందనుకున్నాం. ఎంతసేపటికీ రాకపోతే పెద్దక్క వెళ్లి చూసింది. అవ్వ వేపచెట్టు కింద కూర్చుని ఉంది. సినిమా ఆపి అందరం వెళ్లాం.

అవ్వ పుట్టింది శ్రీహరికోట దీవిలో. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నాక ఇవతలి ఒడ్డుకు వచ్చిన యానాదుల్లో అవ్వ వాళ్లూ ఉన్నారు. అక్కడ మొదటి చిన్న రాకెట్ 1971 అక్టోబర్‌లో ఎగిరింది. ఇదంతా మాకు తెలుసు. ఆ తర్వాతిది మాత్రం ఎప్పుడూ వినలేదు.

పెళ్లయ్యాక అవ్వా తాతా ఒక రైతు మామిడితోపుకు కాపలా ఉన్నారట. అవ్వకు వాళ్లమ్మ నేర్పిన ఆకు వైద్యం తెలుసు. ఊరివాళ్లు పగలు పలకరించేవాళ్లు కాదు, పొద్దు గూకాక మందు కోసం వచ్చేవాళ్లు. ఒక ఏడాది జ్వరాలు తగిలి ఆ ఊళ్లో ఒక పిల్లోడు చనిపోయాడు. అంతకు వారం ముందు మామిడికాయల దగ్గర వాళ్లమ్మకూ అవ్వకూ మాటామాటా వచ్చింది. అంతే. తెల్లారేసరికి మనుషులు వచ్చి అవ్వను చింతచెట్టుకు కట్టేశారు. పళ్లు రాలగొడితే మంత్రం పారదని ఒకడు రాయి తెచ్చాడు.

"రాయి పట్టుకున్నోడి కొడుక్కే పోయినేడు నేను మందిచ్చింది," అంది అవ్వ.

బడి అయివారు అటుగా సైకిల్ మీద వచ్చాడట. స్టాండ్ కూడా వేయకుండా సైకిల్‌ను అట్లే పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆయనకి గూడా చేతులు వణకతా ఉండాయి. ముడి రాలేదు. చానాసేపు పట్టింది. ఆయన విప్పేదాకా ఎవురూ దగ్గరికి రాలేదు."

ఆ రాత్రే సట్టీ కుండా ఎత్తుకుని ఊరు వదిలేశారు. కేసు లేదు, పంచాయితీ లేదు. అప్పటినుంచి అవ్వ ఎవరికీ ఒక్క ఆకు ఇవ్వలేదు. మాకు జ్వరమొచ్చినా పెద్దాసుపత్రికే పొమ్మనేది. అది తెలివిడి అనుకున్నాం. అందులో భయం కూడా ఉందని ఆరోజే తెలిసింది.

సినిమాలో ఆ తర్వాత ఏమవుతుందని అవ్వ అడిగింది. కాల్చినవాళ్ల బిడ్డే ఊరి మీద పగ తీర్చుకుంటుందని, మంత్రాలతో ఒక్కొక్కరినీ చంపుతుందని చెప్పాం. అవ్వ కాసేపు ఊరుకుని అంది: "నాకు మంత్రాలే వచ్చుంటే ఆ తాడు నేనే విప్పుకోనా?"

మేం మళ్లీ సినిమా పెట్టలేదు. చెట్టు కిందే మాట్లాడుకుంటూ కూర్చున్నాం.

ఆ సినిమా బాగా తీశారు. కాదనం. ఆ మంటను చూపించినప్పుడు అది మన పక్కనే ఉన్నట్టుంటుంది. కానీ కథ పూర్తయ్యేసరికి మంత్రాలు నిజంగానే మనుషుల్ని చంపుతాయని చూపిస్తుంది. అది చూసి ఇంటికి పోయినవాడికి చింతచెట్టుకు కట్టిన ఆడమనిషి కనిపిస్తే ఏమనుకుంటాడు? తెర మీది దెయ్యం లైటు వేస్తే పోతుంది. మనిషి మీద వేసిన ముద్ర అట్లా పోదు. తెల్లవాళ్లు 1871లో ఒక చట్టం తెచ్చి కొన్ని జాతులు పుట్టుకతోనే నేరస్తులన్నారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. మన వైపు ఎరుకలవాళ్లూ యానాదులూ ఆ ముద్ర మోశారు. 1952లో చట్టం పోయింది. దొంగతనం జరిగితే ముందు మన గుడిసె వైపు చూసే చూపు పోవడానికి ఏ సంవత్సరమూ రాసి లేదు.

మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడం నేరమని బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చి చంపిన తర్వాత అక్కడా చట్టం వచ్చింది. చట్టం కావాల్సిందే. కానీ ఆ తెల్లారి అవ్వను కాపాడింది చేతులు వణుకుతున్నా ముడి విప్పిన ఒక మనిషి.

నాలుగో ఆట చూడలేదు కానీ, బావ ఒక సినిమా గురించి చదివింది చెప్పాడు. పేరు 'బ్లడ్ క్వాంటమ్', 2019లో వచ్చింది. తీసిన జెఫ్ బర్నబీ కెనడాలో మిక్‌మాక్ అనే ఆదివాసీ జాతివాడు. 2022లో చనిపోయాడు. ఆ కథలో చచ్చినవాళ్లు లేచి మనుషుల్ని కొరుకుతుంటారు. కొరికించుకున్నవాళ్లూ అట్లే అవుతారు. ఆదివాసులకు మాత్రం ఆ జబ్బు అంటదు. అప్పటిదాకా వాళ్లను దూరం పెట్టిన తెల్లవాళ్లే పరుగెత్తుకొచ్చి ఆదివాసుల గేటు ముందు నిలబడతారు. సినిమా పేరుకు అర్థం, ఒంట్లో ఆదివాసీ రక్తం ఎంత పాలు ఉందో లెక్కగట్టే పద్ధతి అట. కుల ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మాకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అవ్వ శ్రద్ధగా విని, "అయితే ఆ దొరల్ని లోపలికి రానిచ్చినారా?" అంది.

"కొందర్ని రానిచ్చినారు అవ్వా. దాని మీదే వాళ్లలో వాళ్లకు కొట్లాట."

"రానియ్యాల్నే," అంది అవ్వ. "వాకిట్లోకి వచ్చినోళ్లని ఏం చేస్తాం?"

ఇది చదివే అయివార్లకు, టీచరమ్మలకు ఒక మాట. మీ తరగతిలో పిల్లలు దెయ్యాల కథలు చెప్పుకుంటుంటే నోరు మూయించవద్దు. ఆ కథలో దెయ్యం ఎవరు, దాన్ని దెయ్యమని మొదట ఎవరన్నారు, ఆ పక్కన అప్పుడు ఎవరున్నారు అని అడగండి. ఇంట్లో అవ్వల్ని, తాతల్ని అడిగి రమ్మనండి. మాతోటి పిల్లలకూ అదే చెప్తున్నాం. మేం అడగడానికి ఇరవై ఏళ్లు దాటాల్సి వచ్చింది. అదీ ఒక సినిమా గుచ్చితే.

ఆ రాత్రి అయిదుగురం అవ్వ చుట్టూ పడుకున్నాం. ఇద్దరు మగపిల్లలు కూడా బయట కొళాయి దాకా ఒంటరిగా పోలేదని ఇక్కడ రాసి పెడుతున్నాం. చిన్నది చీకట్లో అడిగింది: "అవ్వా, ఆ ఆకులు నీకు ఇంకా గుర్తుండాయా?"

"మర్చిపోయినా. పండుకో," అంది అవ్వ.

తెల్లవారుజామున అయిదింటికి కంపెనీ బస్సు. అవ్వ రోడ్డు దాకా మాతో వచ్చింది. బస్సు లైట్లు దూరంగా కనబడినప్పుడు ఆమె వంగి, రోడ్డు పక్క గడ్డిలోంచి ఒక చిన్న మొక్కను వేరుతో సహా పీకి, మట్టి దులిపి, చిన్నదాని చేతిలో పెట్టింది. ఏమీ చెప్పలేదు. అడిగేలోపు బస్సు వచ్చేసింది.

బస్సులో ఆ మొక్కను చేతులు మార్చుకుంటూ చూశాం. సన్న ఆకులు, ఆకుల కింద ఆవగింజంత కాయలు. రోజూ తొక్కుకుంటూ పోయే మొక్కే. మా అయిదుగురిలో ఒక్కరికీ దాని పేరు తెలియదు. చిన్నది దాన్ని క్యారేజీ సంచిలో పెట్టుకుంది. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి చూసి ఇదేంటని అడిగితే ఏం చెప్తావని అడిగాం.

"మా అవ్వ ఇచ్చిందని చెప్తా," అంది.

వచ్చే ఆదివారం అందరం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి ప్రొజెక్టర్ తీసుకుపోవడం లేదు.