గొంతు విప్పి చెప్పాలంటే...

మన సంఘం పత్రికకి ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడల్లా "నాకు రాయటం ఎక్కడొచ్చండీ, మహా అయితే ప్రోగ్రాములు రాస్తాను" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి మాత్రం నేనే అడిగి మరీ రాస్తున్నాను. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందుగా నా గురించి రెండు ముక్కలు. సొంతూరు తెనాలి. ఎంసీఏ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి, పదిహేనేళ్ల కిందట దుబాయి వచ్చి పడ్డాను. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని గోడౌన్లకి సాఫ్ట్‌వేర్ పెట్టటం నా వృత్తి. 1979లో రేవు, 1985లో ఫ్రీ జోను మొదలైన చోటది. ఇవాళ ఎటు చూసినా కంటైనర్లు, క్రేన్లు, గోడౌన్లే. ఏ పెట్టె ఏ అరలో ఉంది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ఓడెక్కాలి అన్నది కంప్యూటరుకి తెలిసేలా చెయ్యటమే నా పని. లక్ష పెట్టెల్లో ఒకటి తప్పిపోతే పట్టుకోగల నాకు, నా మెడలోనే గోలీకాయంత గడ్డ చేరితే తెలియలేదు. దాన్ని కనిపెట్టింది మా అమ్మాయి.

2023 ఆగస్టులో ఒక శుక్రవారం. మధ్యాహ్నానికే ఆఫీసు అయిపోయింది. డిస్కవరీ గార్డెన్స్‌లోని మా ఫ్లాటులో సోఫా మీద పడుకుని ఉంటే, తొమ్మిదేళ్ల మా అమ్మాయి నా మెడ మీద చెయ్యి వేసి "నాన్నా, ఇక్కడ గోలీ మింగావా?" అంది. నవ్వేశాను. మా ఆవిడ నవ్వలేదు. "ఏవండీ, రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం" అంది.

స్కానింగు అయింది. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకి పంపారు. పాపిలరీ థైరాయిడ్ కేన్సరు అన్నారు. కుడి పక్క మెడలోని లింఫు గ్రంథుల్లోకి కూడా పాకిందన్నారు. థైరాయిడ్ కేన్సర్లలో ఎక్కువమందికి వచ్చేది ఇదేనట, సాధారణంగా నెమ్మదిగా పెరుగుతుందట, వైద్యానికి బాగా లొంగుతుందట. విన్నవాళ్లందరూ "అది మంచి కేన్సరేలే" అని ధైర్యం చెప్పారు. వాళ్ల ప్రేమకి దణ్ణం పెడతాను గానీ, మంచి తేలు, మంచి పాము ఎలా ఉండవో మంచి కేన్సరు కూడా అలాగే ఉండదని నాకనిపించింది.

అక్టోబరులో ఆపరేషను. థైరాయిడ్ మొత్తం తీసేశారు, కుడి పక్క లింఫు గ్రంథులూ తీశారు. చెవి కింద నుంచి మెడ మధ్య దాకా కుట్లు. మెలకువ వచ్చాక నేను చేసిన మొదటి పని మా ఆవిడని పేరుపెట్టి పిలవటం. పెదాలు కదిలాయి గానీ గాలి తప్ప మాట రాలేదు.

పిల్లలూ, ఇక్కడ మీకో చిత్రమైన సంగతి చెప్పాలి. మనం మాట్లాడటానికి గొంతుపెట్టెని కదిలించే నరం మెదడు నుంచి నేరుగా గొంతుకి రాదు. ఛాతీ వైపు దిగి, అక్కడొక రక్తనాళం చుట్టూ మలుపు తిరిగి, మళ్లీ పైకి వచ్చి థైరాయిడ్ వెనకగా గొంతుని చేరుతుంది. జిరాఫీలోనూ ఇదే దారి! గొంతు పక్కనే ఉన్నా, ఆ పొడుగాటి మెడంతా దిగి మళ్లీ ఎక్కి రావాలి కాబట్టి, దాంట్లో ఆ నరం నాలుగు మీటర్లు దాటుతుంది. ఆపరేషనులో ఈ నరాన్ని ఎంత జాగ్రత్తగా కాపాడినా, కొన్నాళ్లు అది అలిగి కూర్చోవచ్చు. నాది అలిగింది.

అలాగే థైరాయిడ్ వెనక బియ్యపుగింజల్లాంటి నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒంట్లో కాల్షియం లెక్క చూసేది అవే. వాటికి దెబ్బ తగిలితే పెదాల చుట్టూ, వేళ్ల చివర చీమలు పాకినట్టుంటుంది. రెండో రోజు రాత్రి నాకు అదే జరిగింది. నర్సుకి మాటల్లో చెప్పలేక కాగితం మీద "చీమలు" అని ఇంగ్లీషులో రాస్తే, ఆ మలయాళీ అమ్మాయి పాపం ముందు మంచం కింద వెతికింది. తర్వాత అర్థమై పరుగున వెళ్లి కాల్షియం ఎక్కించింది.

ఇంటికొచ్చాక తెలిసింది, కుడి చెయ్యి భుజం పైకి లేవటం లేదని. మెడలో గ్రంథులు తీసేటప్పుడు భుజాన్ని ఎత్తే నరం కూడా నలుగుతుందట. గోడ మీద వేళ్లతో సాలీడులా పైకి పాకించమని ఫిజియోథెరపీ ఆవిడ చెప్పింది. రోజూ సాయంత్రం నేను వేళ్లు పాకించేవాణ్ణి, మా అమ్మాయి పెన్సిలుతో అక్కడ గీత గీసి తేదీ వేసేది. ఆ గోడ మీదే పక్కన అది ఏటా ఎంత పొడుగు పెరిగిందో చూపించే గీతలున్నాయి. "నాన్నా, నాకంటే నువ్వే త్వరగా పెరుగుతున్నావు" అనేది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ గోడకి రంగు డబ్బులు సంతోషంగా కట్టేస్తాను.

ఇక మందుల సంగతి. థైరాయిడ్ లేనివాడికి జీవితాంతం పొద్దున్నే ఒక చిన్న మాత్ర. పూర్వం ఆ మాత్ర లేని రోజుల్లో, స్విట్జర్లాండులో థియోడోర్ కోకర్ అనే గొప్ప సర్జన్ థైరాయిడ్ మొత్తం తీసేసిన రోగులు కొందరు తర్వాత మందకొడిగా, ఉబ్బిపోయి కనిపించారు. ఆయన దాన్ని దాచకుండా రాసి, ఆ గ్రంథి ఎందుకవసరమో లోకానికి తెలియజేశాడు. 1909లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ ఆ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్‌ని విడదీశాడు. ఇవాళ నేను మింగే మాత్ర వెనక ఇంత కథ ఉంది. పరగడుపున వేసుకుని అరగంటో గంటో ఆగాలి. కాల్షియం మాత్రకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. తెనాలివాణ్ణి, లేవగానే కాఫీ గొంతులో పడకపోతే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! ఆ గంటసేపు మా ఆవిడ వంటింట్లో డికాషను దాచేస్తుంది.

డిసెంబరులో రేడియోధార్మిక అయొడిన్ ఇచ్చారు. దానికి ముందు రెండు వారాలు అయొడిన్ లేని తిండి. అంటే మామూలు ఉప్పు లేదు, చేపలు లేవు, గుడ్డు లేదు, పాలూ పెరుగూ లేవు. ఏ ఉప్పుతో పెట్టిందో తెలియదు కాబట్టి అమ్మ పంపిన ఆవకాయ కూడా లేదు. పెరుగన్నం లేకుండా పద్నాలుగు రోజులు! ఒంట్లో మిగిలిన థైరాయిడ్ కణాలు అయొడిన్ కోసం ఆకలితో ఉండాలట. అప్పుడు ఈ అయొడిన్ అందిస్తే ఆబగా మింగి చస్తాయట. మందు మింగాక కొన్ని రోజులు ఆసుపత్రిలో ఒంటరి గది, తర్వాత ఇంట్లో కూడా పిల్లకి దూరంగా వేరే గది.

ఆ గది తలుపు కింద నుంచి మా అమ్మాయి చీటీలు పంపేది. "నీ అయొడిన్ ఎంత అయింది?" అని. ఎనిమిది రోజులకి సగం, పదహారు రోజులకి పావు, ఇరవై నాలుగు రోజులకి అరపావు అని లెక్క నేర్పాను. నీళ్లు బాగా తాగితే ఒంట్లోంచి ఇంకా తొందరగా పోతుందని కూడా రాశాను. గంటకోసారి "నాన్నా, నీళ్లు తాగావా?" అని తలుపు కొట్టేది. భిన్నాలంటే ఏడ్చే పిల్లకి ఆ నెలలో భిన్నాలన్నీ వచ్చేశాయి.

ఇదంతా ఒక ఎత్తు. అమ్మకి చెప్పకపోవటం ఒక ఎత్తు.

అమ్మకి డెబ్భై దాటాయి. తెనాలిలో ఒంటరిగా ఉంటుంది. చెబితే తట్టుకోలేదనుకున్నాను. వీడియో కాల్‌లో మెడ కనిపించకుండా మఫ్లరు చుట్టుకునేవాణ్ణి. "ఎండలు మండే ఊళ్లో మఫ్లరేమిట్రా?" అంటే "ఆఫీసులో ఏసీ ఎక్కువమ్మా" అనేవాణ్ణి. "గొంతేమిటి అలా ఉంది?" అంటే జలుబు అనేవాణ్ణి. మూడు నెలల జలుబు! మా ఆవిడ జెబెల్ అలీలో 2022లో తెరిచిన కొత్త గుడికి వెళ్లి వచ్చినప్పుడల్లా "అత్తయ్యకి అబద్ధం చెబుతూ దేవుడి దగ్గర నిలబడలేకపోతున్నానండీ" అనేది.

2024 భోగి నాడు అమ్మ ఫోను చేసి, మఫ్లరు మాట ఎత్తకుండా, "ఒరేయ్, నీకు మీ నాన్న జబ్బేనా?" అని అడిగింది.

మా నాన్నగారు 1998లో కేన్సరుతో పోయారు. డాక్టరు గది బయట అమ్మకీ మామయ్యకీ చెప్పి, ఆయనకి మాత్రం పుండు అని చెప్పమన్నారు. మేమందరం అలాగే చెప్పాం. మా ఇంట్లో ఆ జబ్బుకి పేరు లేదు, "అది" అనేవాళ్లం.

నేను మఫ్లరు తీసేశాను. అమ్మ చాలాసేపు చూసింది. ఏడవలేదు. నెమ్మదిగా అంది: "మీ నాన్నకి తెలుసురా. నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. ఆర్నెల్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకళ్ల బాధ ఒకళ్లకి చెప్పుకోలేక ఎదురెదురుగా కూర్చున్నాం. పోయేముందు ఆయన నాతో ఏం చెప్పాలనుకున్నారో ఇప్పటికీ తెలీదు. నాకు దిగులు తప్పిద్దామని నువ్వూ అదే పని చేశావు. మూడు నెలలుగా నీ గొంతు వింటూ, ఏమైందో తెలీక నేను పడ్డ దిగులు ఎవరి ఖాతాలో రాస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పటానికి గొంతు లేదు.

2013 అక్టోబరులో, తొంభయ్యో పడిలో ఉన్న అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరుల్ని పిలిచి, తనకి కేన్సరు వచ్చిందని తనే చెప్పారు. ఆ రోజు టీవీలో చూసి "పెద్దాయన గుండె ధైర్యమే ధైర్యం" అనుకున్నాను. 2014 జనవరిలో ఆయన పోయారు. అది ధైర్యం ఒక్కటే కాదని, చుట్టూ ఉన్నవాళ్ల మీద దయ కూడా అని నాకు అమ్మ మాటలయ్యాకే అర్థమైంది.

ఫిబ్రవరిలో ఆఫీసుకి వెళ్లాను, మఫ్లరు లేకుండా. గొంతు బొంగురుగా ఉండేది, మీటింగులో పది నిమిషాలకే అలసిపోయేది. ఒకరోజు గోడౌనులో ఫోర్క్‌లిఫ్టు నడిపే ఒక అన్న, జగిత్యాల వైపు మనిషి, పక్కకి వచ్చి నా మెడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"సార్, ఏమైంది మెడకు?"

చెప్పాను. జబ్బు పేరుతో సహా చెప్పాను. ఆయన కాసేపు నేల చూపులు చూసి, "ఓ మాట చెప్త, ఎవ్వలికి చెప్పద్దు సార్. నోట్లె పుండయింది. రెండు నెలలాయె, మానుతలేదు. చెప్తే ఇంటికి పంపుతరని చెప్పలె. వచ్చే యేడు బిడ్డ పెండ్లి ఉన్నది" అన్నాడు. పెదవి కింద ఖైనీ పెట్టే అలవాటు ఇరవై ఏళ్లదట.

నోట్లో పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే డాక్టరుకి చూపించాల్సిందే. ఈ ముక్క ఆసుపత్రుల చుట్టూ తిరిగిన నాకు బాగా తెలుసు. "అన్నా, బిడ్డ పెళ్లికి నువ్వుండాలి కదా" అన్నాను. బొంగురు గొంతుతో అనటం వల్లనో ఏమో, మాట తగిలింది. ఆ వారమే ఆయన ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సరు కాదు, కానీ వదిలేస్తే అటే వెళ్లే రకం మచ్చ అన్నారు. దాన్ని తీసేశారు. ఖైనీ మానేశాడు. ఉద్యోగమూ పోలేదు. కిందటేడు పెళ్లి ఫోటోలు చూపించాడు. అందులో ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఇందుకే ఇది రాస్తున్నాను. మనం ఊరు కాని ఊళ్లో ఉన్నాం. వీసా, ఉద్యోగం, ఫీజులు, ఊళ్లో పెద్దవాళ్లు, ఇన్ని భయాల మధ్య ఒంట్లో బాగాలేదని చెప్పటం కష్టమే. అయినా మెడలో గడ్డ ఉంటే, పుండు మానకపోతే, గొంతు మూడు వారాలకి మించి బొంగురు పోతే చూపించుకోండి. చూపించుకుని ఇంట్లో చెప్పండి. పిల్లలూ, అమ్మానాన్నల మెడలో గోలీ కనిపిస్తే మొహమాటపడకుండా అడిగెయ్యండి.

ఈ ఏడాది స్కానింగులో ఏమీ కనిపించలేదన్నారు. ఆర్నెల్లకోసారి వెళ్లి చూపించుకోవాలి. గొంతు చాలావరకు తిరిగి వచ్చింది, పెద్దగా పిలిస్తే మాత్రం చీలుతుంది. రాత్రిళ్లు కథ చెప్పమంటుంది మా అమ్మాయి, రాక్షసుడి గొంతు నాకిప్పుడు బాగా కుదిరిందట. అమ్మ కిందటి వేసవిలో వచ్చి రెండు నెలలు ఉండి వెళ్లింది. గోడ మీద పెన్సిలు గీతలన్నీ చూసి, అన్నిటికంటే పైనున్న గీత దగ్గర చెయ్యి పెట్టి "ఇది ఎప్పటిదిరా?" అని అడిగింది. తేదీ చదివి చెప్పాను.