ఊళ్లు తిరిగారు, ఇల్లు మారలేదు

బెంగళూరు ఫైలొకటి, హైదరాబాదు ఫైలొకటి, బళ్లారి రిపోర్టులు ఒక కవర్లో. అన్నీ బల్ల మీద పరిచి, "ఇంక యాడికి పిల్సకపొమ్మంటారు సార్?" అని అడుగుతారు తల్లిదండ్రులు. ఐదేళ్లు దాటిన పిల్లవాడు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. ఫ్యాను కిందే నిలబడి చేతులాడిస్తుంటాడు. కాగితాలన్నీ చదివి నేనడిగేది ఒకటే: పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా వీడికి మీ ఇంట్లో ఏం జరుగుతుంది? తండ్రి తల్లి వైపు చూస్తాడు. తల్లి తల వంచుకుంటుంది. లక్షలు ఖర్చయ్యాయి, చేను తాకట్టుకు పోయింది, ఇంట్లో మాత్రం ఒక్క అలవాటూ మారలేదు. ఆదోనిలో పిల్లల డాక్టరుగా నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఆటిజం మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే తేడా. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడు. ఈ పిల్లల్లో చాలామందికి మాట ఆలస్యమవుతుంది, కొందరికి రాదు. ఏడాదిన్నర వయసులో మామూలు పిల్లలు ఆకాశంలో విమానాన్ని వేలు పెట్టి చూపించి, మనం చూశామా లేదా అని మన మొహం చూస్తారు. వీళ్లు చూపించరు. కావలసిన వస్తువు దగ్గరికి మన చేయి పట్టుకుని లాక్కుపోతారు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తారు. శబ్దం, వెలుతురు, ఒంటి మీది బట్ట మనకు అనిపించినట్టు వాళ్లకు అనిపించవు. ఇలాంటి పిల్లవాణ్ణి చూడగానే మొదట చెవుల పరీక్ష చేయిస్తాం. వినికిడి బాగుందని తేలాక మిగతా పరీక్షలు.

ఇంతలో ఏళ్లు గడిచిపోతాయి. "వాళ్ల మామకు గూడా నాలుగేండ్లకే మాటలొచ్చినాయి" అంటుంది అవ్వ. "నాలుక కింద నరం కోయిస్తే మాట్లాడతాడన్నారు" అంటాడు తండ్రి. కోయించి మరీ వస్తారు. నాలుక కింద పొర వల్ల కొన్ని అక్షరాలు సరిగ్గా పలకకపోవచ్చు గానీ, ఎదుటి మనిషికి ఏదైనా చెప్పాలన్న కోరిక ఎందుకు పోతుంది? ఉరుకుంద ఈరన్నకు మొక్కుకోండి, మంత్రాలయం పోయిరండి, నేను వద్దనను. కానీ శ్రావణమాసపు జనంలో చెవులు మూసుకుని ఏడుస్తున్న బిడ్డను గుడి ముందు గంటల తరబడి నిలబెట్టకండి. జనం తక్కువగా ఉన్న రోజు పోయినా దేవుడు అక్కడే ఉంటాడు.

ఆటిజాన్ని తీసేసే మందు లేదు. మరీ ఎక్కువగా కొట్టుకుంటుంటే, కొరుక్కుంటుంటే కొన్నాళ్లు మందిస్తాం. ఫిట్సుంటే దానికి మందు వేరు. రక్తహీనత, మలబద్ధకం, పంటినొప్పి ఉన్నాయేమో చూస్తాం, ఎందుకంటే చెప్పుకోలేని బిడ్డ నొప్పిని అరుపుగానే చూపిస్తాడు. మందుల సంగతి ఇంతటితో సరి. మూలకణాలు ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు గుంజేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్స సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లోనే చెప్పింది. టీకాల వల్ల వచ్చిందనే మాటా నిలవలేదు. 1998లో ఆ అనుమానం లేపిన వ్యాసాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ పుకారుకు భయపడి చెల్లెలికి టీకాలు మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. ఆ చిన్నపిల్లకు తట్టు వస్తే ఎవరిది పూచీ?

"ఈమె సరిగా పెంచలేదు సార్" అని కోడలి ముందే చెప్పే అత్తలకు ఇంకో మాట. తల్లి ప్రేమ చాలక పిల్లలిలా అవుతారని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు, కొన్ని దశాబ్దాలు తల్లులను ఏడిపించారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. ఆటిజం పెంపకం వల్ల రాదు. వచ్చిన బిడ్డ భయంతో బతకాలా, నెమ్మదిగా బతకాలా అన్నది మాత్రం ఇంటి చేతిలో ఉంది.

ఎమ్మిగనూరులో ఒక ఇల్లు చెబుతాను. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. ఆ ఇంట్లోనూ ముందుగదిలోనే గుంత మగ్గం. నాడె అటూ ఇటూ పోతుంటే ప్రతి పోగుకూ ఒక దెబ్బ. మగ్గం మొదలవగానే నాలుగేళ్ల పిల్లవాడు చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేవాడు. మొండితనం అనుకుని తండ్రి నాలుగు దెబ్బలు వేసేవాడు. పెళ్లిపందిట్లో స్పీకరు పక్కన కూర్చోబెట్టి లెక్కలు చేయమంటే మనకెట్లుంటుందో, ఆ బిడ్డకు రోజంతా అట్లే ఉందని చెప్పాను. మగ్గం ఆపమనలేం, అది వాళ్ల అన్నం. కాబట్టి చుట్టూ ఉన్నవి మార్చాం. వెనకగది ద్వారానికి మందపాటి దుప్పటి కట్టారు. అవ్వ మంచం, బిడ్డ పడక అక్కడికి మారాయి. మగ్గం పని వేళలు ఖాయం చేసుకున్నారు. మొదలుపెట్టే ముందు తండ్రి నాడె తెచ్చి పిల్లవాడికి చూపించి, "ఇప్పుడు మగ్గం" అని ఒక్క మాట చెప్పి, వాడు లోపలికి పోయేదాకా ఆగేవాడు. అంతే. తల కొట్టుకోవడం కొన్ని వారాల్లో బాగా తగ్గింది.

అక్కడితో ఆగలేదు. వాడికి రంగు నూలు చుట్టిన కండెలంటే ప్రాణం, వరసగా పేర్చుకునేవాడు. పనికి అడ్డమని ఇంట్లోవాళ్లు లాక్కునేవాళ్లు. లాక్కోవద్దు, వాటితోనే మాటలు నేర్పండన్నాను. తల్లి ఎర్ర కండెను కళ్లకు కనబడేటంత ఎత్తులో, చేతికి అందనంత ఎత్తులో పట్టుకుని "కండె" అని ఆగేది. వాడు ఆమె చేయి లాగేవాడు. ఇచ్చేది. మళ్లీ "కండె", మళ్లీ ఆగడం. వాడు మొహం ఎత్తి చూసిన రోజు నాకు ఫోన్ చేసింది. "కం" అన్న రోజు ఇద్దరూ బస్సెక్కి ఆదోనికే వచ్చేశారు. వేలు పోసి కొన్న ఆటసామాను చేయని పని ఇంట్లో నూలు చేసింది. ఈ ఓపికనే నేను మందు అంటాను. చీటీ మీద రాసిస్తే ఎవరూ కొనుక్కోలేరు గనక నోటితో చెబుతాను, చెబుతూనే ఉంటాను.

ఇక ఆదోని బజారు ఇళ్లలో అసలు తగాదా ఫోనుతో. అన్నం తినాలంటే ఫోను, ఏడుపు ఆపాలంటే ఫోను. ఫోను వల్ల ఆటిజం వచ్చిందని నేననను. కానీ మనుషులతో మాట కలపడమే కష్టమైన బిడ్డకు, మనుషుల అవసరమే లేకుండా చేసే వస్తువు చేతికిస్తే మాట ఎక్కడ నేర్చుకుంటాడు? ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు, నిజమే. ముందు అన్నం దగ్గర మాన్పించండి. ఆ పూట ఒకరు పక్కన కూర్చోండి. రెండు ముద్దలే తిన్నాడా, తిననీయండి. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టకపోతే పక్కన చిన్న జొన్నరొట్టె ముక్క పెట్టి ఊరుకోండి. నోట్లో కుక్కకండి. ఎవరో చెప్పారని పాలు, గోధుమలు మాన్పించి ఎముకలు బలహీనం చేయకండి.

చొక్కా చింపుకుంటాడంటారు. మెడ దగ్గర కుట్టిన లేబులు కత్తిరించండి. పత్తి ఊళ్లో ఉంటూ బిడ్డకు నైలాన్ బట్టలెందుకు? నాలుగుసార్లు ఉతికిన మెత్తటి నూలు బట్ట వేయండి. నిద్రకు ఒకే వేళ, ఒకే చోటు. రోజూ చేసే పనుల బొమ్మలు గోడకు అతికించండి: పళ్లు తోముకోవడం, స్నానం, అన్నం, బడి. తరువాత ఏమవుతుందో తెలిస్తే ఈ పిల్లల భయం సగం తగ్గుతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది తలుపుకు పైన గొళ్లెం. ఈ పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆకర్షణ, చెప్పకుండా బయటికి నడిచిపోతారు, పిలిస్తే పలకరు. మనకు తుంగభద్ర దిగువ కాలువ ఉంది, ఇంటింటికీ తొట్లున్నాయి. కాలువ గట్టు మీద బట్టలుతికేవాళ్లు చూసి లాగబట్టి దక్కిన పాప ఒకతె నా దగ్గరికి వస్తుంది. ఆ ఇంటికి ఇప్పుడు గొళ్లెం ఉంది. పాప గురించి వీధివాళ్లందరికీ తెలుసు. అంతకు ముందు తెలియనివ్వలేదు, అక్క పెళ్లి ఆగుతుందని దాచారు. వీధికి తెలియని బిడ్డను వీధి ఎలా కాపాడుతుంది?

నా దగ్గర జవాబు లేనిది సుగ్గి, అంటే కూలి వలస. కోసిగి, కౌతాళం వైపు నుంచి పత్తికి, మిరపకాయలకు గుంటూరు దిక్కు పోయే కుటుంబాలు నెలల తరబడి చేలగట్ల మీద గుడారాల్లో ఉంటాయి. కూర్చోబెట్టుకుని నేర్పిన పడకవేళ, గోడమీది బొమ్మలు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో టీచరమ్మతో కుదిరిన స్నేహం అన్నీ ఒక్క ప్రయాణంతో పోతాయి. అవ్వ దగ్గర వదిలితే తల్లి లేదు, వెంట తీసుకుపోతే ఇల్లు లేదు. వాళ్లను నేను కోప్పడలేను. వాడి దుప్పటి, వాడి పళ్లెం, బొమ్మల కాగితం తప్పకుండా మూటలో పెట్టమని మాత్రం చెబుతాను. అవి ఎక్కడ పరిస్తే అక్కడ వాడికి ఇల్లు కొంతైనా ఉంటుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడకండి. 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ తేలితే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 2024లో అది నెలకు 6,000 రూపాయలైంది. ఆ డబ్బుతో వారానికి రెండు పూటలైనా తల్లికి సాయంగా ఒక మనిషిని పెట్టండి, ఆమెను నిద్రపోనివ్వండి. రాత్రుళ్లు మేలుకుని మేలుకుని ఒళ్లు హూనమైన తల్లి "కండె" అని నూరుసార్లు ఎలా అంటుంది?

ఈసారి వచ్చేటప్పుడు తండ్రీ తల్లీ మాత్రమే రావద్దు. పగలంతా బిడ్డను చూసుకునేది అవ్వయితే అవ్వను, మేనత్తయితే మేనత్తను పిలుచుకుని రండి. నేను ఎక్కువసేపు మాట్లాడాల్సింది వాళ్లతో.