మామూ జీపుకు ఏ బానెట్?

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా మర్రిచెట్ల రోడ్డు మీద పోతుంటే ఫామ్‌హౌస్ గేట్ల దగ్గర పాత జీపులు కనిపిస్తాయి. మిలటరీ పచ్చరంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, వెనక జెర్రీ క్యాన్. చూసినోళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటివి అనుకుంటారు. నేను కొన్నిటిని దగ్గరికెళ్లి చూశాను. యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్లకు మన దేశంలో తయారైనవి. మీద వేసిన వేషం మాత్రం అమెరికా ఫౌజుది.

ఈ వేషం గురించే మా ఖాందాన్‌లో ఆరు నెలలు బహస్ నడిచింది.

చేవెళ్లలో మా మర్హూం మామూకు 1968 మోడల్ మహీంద్రా జీపు ఉండేది. టమాట బుట్టలు మోసింది, దుల్హాలను మోసింది, రాత్రిపూట నొప్పులొచ్చిన ఆడవాళ్లను దవాఖానకు చేర్చింది. మామూ ఇంతెఖాల్ అయ్యాక నాలుగేళ్లు రేకుల షెడ్డు కింద నిలబడిపోయింది. ఫ్లోర్ తుప్పు పట్టి కిందికి రాలింది. ఎడమ మడ్‌గార్డ్‌లో వేలు పెడితే అవతలికి వచ్చింది. దాన్ని మళ్లీ నిలబెట్టాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఎలా నిలబెట్టాలన్న దగ్గరే తేడా వచ్చింది.

మామూ చిన్నకొడుకు ఛోటే అన్నాడు: "ఈ ఎత్తు బానెట్ తీసేద్దాం భాయ్. డబ్వాలీ నుంచి లో బానెట్ బాడీ తెప్పిస్తా. ఆర్మీ జీపులా చేస్తే ఫామ్‌హౌస్ వాళ్లు అడిగినంత ఇస్తారు." హర్యానా-పంజాబ్ సరిహద్దులోని మండీ డబ్వాలీ జీపు బాడీలకు మషూర్. కొత్త రేకుతో మొత్తం డబ్బా తయారుచేసి పంపిస్తారు. బడే భాయ్‌కి ఆ మాట నచ్చలేదు. కానీ ఎందుకు నచ్చలేదో చెప్పడం ఆయనకు రాలేదు. నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ని, పైగా అఖ్బార్‌లో నౌకరీ. ఖాందాన్‌లో ఏ కాయితమైనా నా చేతికే వస్తుంది. జీపు ఆర్సీ కూడా వచ్చింది.

మొదటి పని పహ్చాన్. మోయిన్‌పురా, రాణీగంజ్ తిరిగి సామాను కొనడం తర్వాతి సంగతి. ఉస్తాద్ చాసిస్ మీద తుప్పు గోకి, కిరసనాయిలుతో తుడిచి, కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఆర్సీతో సరిపోయాయి. ఇంజిన్ నంబర్ కూడా సరిపోయింది. ఊళ్లో జీపులున్నవాళ్లు డీజిల్ ఇంజిన్లు పెట్టించుకున్న రోజుల్లో కూడా మామూ పెట్రోల్ ఇంజిన్‌ను వదల్లేదు. ఆ జిద్దు విలువ మాకు ఇప్పుడు తెలిసింది.

మా జీపు పేరు సీజే-3బీ. అమెరికాలో విల్లీస్ కంపెనీ దీన్ని 1953లో తెచ్చింది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ ఇంజిన్‌లో వాల్వులన్నీ కింద బ్లాక్‌లోనే ఉంటాయి కాబట్టి ఇంజిన్ పొట్టిగా ఉంటుంది, బానెట్ కూడా కిందికి ఉంటుంది. 3బీలో పెట్టిన హరికేన్ ఇంజిన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్లాయి. ఎగ్జాస్ట్ వాల్వులు కిందే ఉండిపోయాయి. ఇంజిన్ ఎత్తు పెరిగింది. దాన్ని కప్పడానికి బానెట్‌నూ, దాని వెనక కౌల్‌నూ పైకి లేపారు. కౌల్ లేచింది కాబట్టి విండ్‌షీల్డ్ పొట్టిది అయింది. అంటే ఛోటేకు బద్‌సూరత్‌గా కనిపిస్తున్న ఆ ఎత్తు ఎవరి షోకు కోసమూ పెట్టింది కాదు, లోపలి ఇంజిన్ అడిగింది. లో బానెట్ పెట్టాలంటే ఆ ఇంజిన్ తీసేయాలి. ఇంజిన్ పోతే నంబర్ పోతుంది, ఆర్సీలో రాసిన జీపు కాగితం మీదే మిగులుతుంది.

మీ ఇంట్లోనూ పాత జీపు ఉంటే ఇంకొన్ని గుర్తులు చూడండి. గ్రిల్‌లో నిలువు కంతలు లెక్కపెట్టండి. యుద్ధకాలపు జీపుకు 9, తర్వాత వచ్చిన సివిలియన్ జీపుకు 7. ఫౌజు జీపుకు వెనక డాలా తెరుచుకోదు, స్టెపినీ అక్కడే వేలాడుతుంది. సివిలియన్ జీపుకు డాలా కిందికి దిగుతుంది, స్టెపినీ పక్కకు పోతుంది. ఫౌజు జీపులో పెట్రోల్ పోయాలంటే డ్రైవర్ సీటు ఎత్తాలి. ఫిలిప్పీన్స్‌లో ఫౌజు జీపుల బాడీలు కొత్తగా తయారుచేస్తారు. కానీ అవి ఎడమవైపు స్టీరింగ్‌కు కోసినవి. మన కుడివైపు స్టీరింగ్‌కు, పెడళ్లకు కంతలు మళ్లీ కొట్టాలి. పొడుగు చాసిస్ జీపు డబ్బా సస్తాగా దొరికినా మోసపోకండి. 3బీ చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు. పొడుగు డబ్బా దాని మీద కూర్చోదు.

ఛోటే తేలిగ్గా వదల్లేదు. "అసల్ జీపు అంటే అమెరికాదే కదా భాయ్. మనది దాని నఖల్. నఖల్‌ను అసల్‌లా చేస్తే తప్పేంది?" అన్నాడు.

డాష్‌బోర్డ్ మీది కంపెనీ ప్లేటు చూపించి వాడికి ఒక సంగతి చెప్పాను. ఈ కంపెనీ 1945లో లూధియానాలో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. ఇద్దరు మహీంద్రా అన్నదమ్ములతో కలిసి పెట్టిన మూడో మనిషి మాలిక్ గులాం మహమ్మద్. ఆయన నిజాం సర్కారులో ఖజానా వ్యవహారాలు చూసినోడు. దేశం రెండు ముక్కలయ్యాక పాకిస్తాన్‌కు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అమెరికాలో 3బీ తయారీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర అదే రూపం దశాబ్దాల పాటు నడిచింది. అదే సంవత్సరం మామూ జీపు పుట్టింది. అక్కడ ఆఖరయినదాన్ని ఇక్కడ బతికించిన వరుసలోది ఇది. దీనికి తనదైన తారీఖ్ ఉంది, ఇంకొకరి తారీఖ్ అరువు తెచ్చుకునే జరూరత్ లేదు.

ఛోటే నవ్వాడు. "తారీఖ్‌కు పైసలొస్తయా భాయ్?"

వాడి సవాల్ వాజిబే. తర్కాలో ఆ జీపూ ఒక ఆస్తి. ముమానీకి ఎనిమిదో వంతు, మిగతాదాంట్లో కొడుకులకు రెండేసి పాళ్లు, బిడ్డకు ఒక పాలు. వాడికి బిడ్డల ఫీజులున్నాయి. అందుకే కానూన్ కూడా తీసి చదివాను. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు నడుస్తుంది. కాకపోతే ఆ నంబర్ మీద రోజూ తిప్పడానికి వీల్లేదు, కిరాయికి అసలే వీల్లేదు. ర్యాలీలకు, నుమాయిష్‌లకు, రిపేరుకు, పెట్రోల్‌కు తీసుకెళ్లొచ్చు. డబ్వాలీ డబ్బా ఎక్కిస్తే ఆ దర్వాజా మూసుకుపోతుంది.

ఫైసలా మాత్రం నా కానూన్ చేయలేదు. మొయినాబాద్‌లో ఉండే ఆపా చేసింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. ఒకరోజు తనే వచ్చి జీపు చుట్టూ తిరిగి, తమ్ముళ్లిద్దరి ముందు నిలబడి అంది: "అబ్బా జీపు అబ్బా జీపులాగే ఉండాలె. లేదంటే ఉన్నది ఉన్నట్టు అమ్మి ఎవరి హిస్సా వాళ్లకియ్యండి. యే భేస్ బదల్‌నా నక్కో. రేపు రోడ్డు మీద ఎదురైతే నేను గుర్తుపట్టాలె." ముమానీ ఏమీ అనలేదు, తలూపింది. ఛోటే కాసేపు చెప్పులతో మట్టి గీకి, "సరే ఆపా" అన్నాడు. బాకీ లెక్కలు తర్వాత కూర్చుని చూసుకుంటామన్నారు. ఇంకా చూసుకోలేదు.

ఇప్పుడు పని నడుస్తోంది. ఉస్తాద్ రేకు మీద అయస్కాంతం జరుపుకుంటూ పోయాడు. అంటుకున్న చోట ఇనుము, జారిన చోట పాత డెంటర్లు నింపిన లప్పం. బానెట్ మొత్తం గట్టిగా ఉంది. కౌల్ గట్టిదే. గ్రిల్‌లో ఏడు కంతలూ సలామత్. డాలాకు గొలుసులు మార్చితే చాలు. ఎడమ మడ్‌గార్డ్ మాత్రం ఇంకో 3బీ నుంచి తేవాలి. తుక్కు దుకాణాల్లో రెండు చూశాం. ఒకటి వంకర, ఇంకోదాని బోల్టు కంతలు మన కౌల్‌తో కలవలేదు. ఇంకా తలాష్‌లోనే ఉన్నాం. ఫ్లోర్ మొత్తం మార్చకుండా కుళ్లినంత మేర కోసి, 18 గేజ్ రేకు వెల్డింగ్ చేశారు.

వెల్డింగ్ గీత మీద లప్పం పెట్టి మాయం చేయాలా అని ఉస్తాద్ అడిగాడు. నేను బడే భాయ్ వైపు చూశాను. ఆయన జవాబిచ్చేలోపే ఛోటే అన్నాడు: "నక్కో ఉస్తాద్. తుప్పు పట్టకుండా ప్రైమర్ కొట్టు చాలు. గీత కనబడనీ."