పులి సవారీ

మాదాపూరులోని మా కార్యాలయానికి ఇంటర్వ్యూలకు వచ్చే ఇంజనీరింగు విద్యార్థులలో చాలామంది, నాయకత్వమంటే ధారాళమైన ఆంగ్లమూ, సభలో తడబడని మాటా అనుకుంటారు. నాకు మాత్రం ఆ పదం వింటే సత్యం కంప్యూటర్స్ గుర్తుకొస్తుంది.

1987లో హైదరాబాదులో పుట్టి, ఈ నగరానికి గర్వకారణమైన సంస్థ అది. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు, లేని సొమ్మును ఉన్నట్టు ఏళ్ళ తరబడి లెక్కల్లో చూపించామని లేఖ రాశారు. మొదట స్వల్పంగా ఉన్న తేడా పెరిగి పెరిగి వేల కోట్లకు చేరింది. దిగితే తినేసే పులి మీద సవారీ వంటిదని ఆయనే పోల్చుకున్నారు. ఆంగ్లానికీ వాక్చాతుర్యానికీ అక్కడ కొదవ లేదు. చిన్నదిగా ఉన్నప్పుడే ఆ తేడా బయటికి రాలేదు, అదీ లోటు.

ఇప్పుడు కోడ్ రాయడానికి కృత్రిమ మేధ తోడొచ్చింది. అది రాసిన దానిలో తప్పుంటే పట్టుకొని, గడువు దగ్గరపడినా సరే, పైవారికి చెప్పవలసింది మనిషే. ఆ అలవాటు కళాశాలలోనే మొదలు కావాలి. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కుందామని మిత్రులంతా అంటున్నప్పుడు, "వద్దు, చిన్నదైనా మనమే చేద్దాం" అన్న కుర్రవాడో అమ్మాయో నా దృష్టిలో ఆ జట్టుకు నాయకులు.

అందుకే ఇంటర్వ్యూలో నేను ఒకటే అడుగుతాను: "మీ ప్రాజెక్టులో ఏది పనిచేయలేదు? ఆ సంగతి ముందుగా ఎవరు చెప్పారు?"