తుమ్మికూర నైవేద్యము

బొంతపల్లి వీరభద్రస్వామి సన్నిధికి సమీపముననే మా గృహము. శ్రావణ వర్షములకు పెరటిలో తుమ్మి, గంగవాయిలి, గలిజేరు విత్తకయే మొలచును. గ్రీష్మమున ఎండి, వానకు మరల చిగురించును గనుక గలిజేరుకు పునర్నవ యని సంస్కృత నామము. వినాయక చవితికి తుమ్మికూర వండుట మా తెలంగాణ ఆచారము.

ఈ ప్రాంత భూగర్భజలము పరిశ్రమల వ్యర్థములచే దూషితమగుట కొత్త సంగతి కాదు. పటాన్‌చెరు కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. అందుచేత, బోరు నీటితో పెంచిన బచ్చలిని నివేదించుటకు నా చేయి వెనుకాడినది. ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి యని ఛాందోగ్యము. అచ్చట ఆహారమనగా ఇంద్రియములు గ్రహించు విషయములని శంకరుల భాష్యము. అది శిరోధార్యమే. అయినను మనుమరాలి కంచమున వడ్డించునపుడు ఆ భాష్యము నాకు చాలలేదు.

బచ్చలి పాదు పెరికివేసితిని. ఈ చవితికి వానకు మొలచిన తుమ్మికూర పిడికెడు మాత్రమే నివేదించితిమి. "మరి మట్టి మాటేమిటండీ?" అని ఇల్లాలు అడిగినది. బదులు పలుకలేక హారతి వెలిగించితిని.